ధౌలాధార్ నీడలో గద్దీ శునకం

ఉద్యోగం మనిషిని ఎక్కడెక్కడికో తీసుకుపోతుంది. విశాఖ సముద్రపు గాలికి అలవాటుపడిన నన్ను 2001లో ఒక డెప్యుటేషన్ ఉత్తర్వు హిమాచల్ ప్రదేశ్‌లోని చంబా జిల్లాకు, రావీ నది లోయలో సాగుతున్న ఒక జలవిద్యుత్ నిర్మాణ స్థలానికి చేర్చింది. ఆ ప్రవాసంలో మంచు శిఖరాలను చూశాను, దేవదారు వనాలను చూశాను, ప్రాచీన దేవాలయాలను దర్శించాను. అయినా ‘అక్కడ ఏమి చూశారు?’ అని మిత్రులెవరైనా అడిగితే నా నోట మొదట వచ్చేది ఒక కుక్క సంగతి. వినేవారు నవ్వుతారు. నవ్వనీయండి. ఆ కుక్క విషయంలో నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటు వల్లనే దాని స్వభావం నాకు అర్థమైంది.

చంబా నుండి భర్మౌర్‌కు

పఠాన్‌కోట్‌లో రైలు దిగి బస్సెక్కితే చంబా పట్టణానికి సుమారు 120 కిలోమీటర్లు. పదవ శతాబ్దంలో సాహిల్ వర్మ అనే రాజు నిర్మించిన పట్టణమిది. రావీ నదికి ఎగువన ‘చౌగాన్’ అనే పచ్చిక మైదానం, దాని పైన లక్ష్మీనారాయణ ఆలయ సముదాయం, 1908లో స్థాపించిన భూరీసింగ్ మ్యూజియం చూడదగినవి. వస్త్రానికి రెండు వైపులా ఒకే విధంగా కనిపించేటట్లు కుట్టే చంబా రుమాళ్ళు లోకప్రసిద్ధమైనవి.

చంబా నుండి రావీ వెంబడి మరొక అరవై కిలోమీటర్లకు పైగా పోతే భర్మౌర్ వస్తుంది. ఖడాముఖ్ వద్ద బుధిల్ నది వచ్చి రావీలో కలుస్తుంది. అక్కడి నుండి దారి బుధిల్ లోయలోకి తిరుగుతుంది. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క అగాధం. ఎదురుగా మరొక వాహనం వస్తే ఎవరో ఒకరు వెనక్కు పోవలసిందే.

భర్మౌర్ పూర్వనామం బ్రహ్మపురం. చంబా రాజ్యానికి తొలి రాజధాని ఇదే. ‘చౌరాసీ’ అనే ఆవరణలో చిన్నా పెద్దా ఆలయాలు ఎన్నో ఉన్నాయి. ఏడవ శతాబ్దంలో మేరువర్మ కాలం నాటి లక్షణాదేవి ఆలయంలో దేవదారు కొయ్యపై చెక్కిన శిల్పాలు ఈనాటికీ చెక్కు చెదరలేదు. అక్కడి కంచు విగ్రహాల పీఠాలపై రాజు పేరుతో పాటు వాటిని పోతపోసిన శిల్పి ‘గుగ్గ’ పేరు కూడా ఉంది. పనివాడి పేరు పదమూడు శతాబ్దాలు నిలిచిన చోటు అది. మనవంటి కార్మిక కుటుంబాలవారు చేతులు జోడించవలసిన చోటు.

ఈ కొండలలో నివసించేవారు గద్దీలు. శివభక్తులు. గొర్రెలు, మేకలు వారి జీవనాధారం. శీతకాలంలో మందలను కాంగ్రా, మండీ, బిలాస్‌పూర్ ప్రాంతాల దిగువ కొండలకు తోలుకుపోతారు. ఎండలు ముదిరేసరికి ధౌలాధార్ కనుమలు దాటి భర్మౌర్‌కు వస్తారు. వానాకాలంలో కొందరు కుగ్తీ కనుమ మీదుగా లాహౌల్ పచ్చిక బయళ్ళకు చేరుతారు. ఆ కనుమ ఎత్తు సుమారు 5,000 మీటర్లు. శరదృతువులో మళ్ళీ దిగువకు ప్రయాణం. మందను వారు ‘ధణ్’ అంటారు. ధనమని అర్థం. మన కోస్తా పల్లెలలో పశువులను ‘సొమ్ములు’ అంటారు. తెలంగాణలో, రాయలసీమలో గొర్రెలను, మేకలను ‘జీవాలు’ అంటారు. భాషలు వేరైనా కాపరి మనసు ఒకటే.

తొలి పరిచయం

అక్టోబరు నెల. పనిమీద భర్మౌర్ వెళ్ళి జీపులో తిరిగి వస్తున్నాము. ఒక మలుపు దాటగానే కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయి ఉంది. ఉదయానికిగాని రాళ్ళు తొలగించరని తెలిసింది. ప్రక్కనే మొక్కజొన్న కోసిన పొలంలో ఒక మంద విడిది చేసి ఉంది. మూడు నాలుగు వందల జీవాలుంటాయి. మందకు అవతల పొగ లేస్తోంది. చలికి తాళలేక, ఆ నిప్పు దగ్గరకు చేరాలని తిన్నగా మంద మధ్యనుంచి నడవబోయాను.

పది అడుగులు వేశానో లేదో, నల్లని ఆకారం ఒకటి గొర్రెల మధ్యనుండి లేచి నా ముందు నిలిచింది. అది పరుగెత్తి రాలేదు. మొరగలేదు. నాకూ మందకూ నడుమ అడ్డంగా నిలబడింది, అంతే. నేను కుడికి జరిగితే అదీ జరిగింది. ఎడమకు జరిగితే అదీ ఎడమకే. ఒక్క అడుగు ముందుకు వేసేసరికి దాని కడుపులోనుంచి సన్నని గురగుర వినిపించింది. ఈలోగా మరొక కుక్క చప్పుడు చేయకుండా నా వెనుకకు చేరింది.

అవతలి నుండి ముసలి కాపరి కేకవేశాడు. ‘బాబూజీ, పరుగెత్తవద్దు. కర్ర ఎత్తవద్దు. దాని కళ్ళలోకి చూడవద్దు. మంద చుట్టూ తిరిగి రండి.’

అలాగే చేశాను. నేను మంద అంచు వెంబడి నడుస్తున్నంతసేపూ ఆ నల్లకుక్క నాతో సమానంగా లోపలి వైపున నడిచింది. నిప్పు దగ్గరకు చేరాక నన్నొకసారి వాసన చూసి, ఇక నాతో పని లేదన్నట్లు వెళ్ళి తన స్థానంలో పడుకుంది. నా గుండె మాత్రం చాలాసేపటిదాకా కుదుట పడలేదు.

రూపము, గుణము

నిప్పు వెలుగులో దానిని తృప్తిగా చూశాను. పెద్ద తల, బలమైన మెడ, వెడల్పైన రొమ్ము, ఒంటినిండా దట్టమైన బొచ్చు, వీపు మీదికి వంపు తిరిగిన కుచ్చు తోక. ఒళ్ళంతా నలుపు, రొమ్ము మీద మాత్రం అరచేయంత తెల్లమచ్చ. గద్దీ కుక్కలలో నలుపే ఎక్కువ. గోధుమవన్నెవి, మచ్చలవి కూడా ఉంటాయి. మెడకు ఇనుప ముళ్ళ పట్టీ ఉంది. చిరుతపులి కుక్క గొంతు పట్టుకుంటుందట. ఆ ముళ్ళు దాని నోటికి తగలడానికే పట్టీ. అడవులలో చిరుతలు, నల్ల ఎలుగుబంట్లు, ఇంకా పైన మంచు చిరుతలు, గోధుమవన్నె ఎలుగులు తిరిగే దేశమది. మంద వెంట ఇటువంటి కుక్కలు లేకపోతే కాపరికి కునుకు లేదు.

మందల కుక్కలు లోకంలో రెండు రకాలు. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దులలోని బోర్డర్ కోలీ వంటివి మందను నడిపించేవి. కాపరి ఈల విని, వంగి నక్కుతూ, చూపుతోనే గొర్రెలను తోలుతాయి. గొర్రెకు దానిని చూస్తే భయం. ఆ భయంతోనే అది పని చేయిస్తుంది. రెండవ రకం మందను కాచేవి. గొర్రెకు వీటిని చూస్తే భయం లేదు. గొర్రెపిల్లలు వీటి ఒంటిమీద పడి నిద్రపోతాయి. గద్దీ శునకం ప్రధానంగా ఈ రెండవ కోవకు చెందినది. అయినా దారితప్పిన మేకను వెదకి మందలోకి మళ్ళించే తెలివి కూడా దీనికి ఉంది.

ఇటువంటి కావలి కుక్కలపై అమెరికాలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు చిరకాలం పరిశోధన చేశారు. మంచి కావలి కుక్కకు మూడు లక్షణాలుండాలని వారు తేల్చారు. మందకు తాను హాని చేయకపోవడం, మందను విడిచి పోకపోవడం, ఆపద వస్తే అడ్డు నిలవడం. ఈ మూడింటిలో ‘క్రూరత్వం’ లేదని పాఠకులు గమనించాలి. తోడేలును చంపడం కుక్క పని కాదు. తోడేలు తిరిగిపోతే దాని పని అయిపోయినట్లే.

ముసలి కాపరి ఈ పరిశోధనలు ఎరుగడు. కాని ఆయన చెప్పినది అదే. ‘కరిచే కుక్క ఊరిలో ఎక్కడైనా దొరుకుతుంది బాబూజీ. ఎప్పుడు కరవకూడదో తెలిసిన కుక్కే మాకు కావాలి.’

ఆ రాత్రి మాకు మొక్కజొన్న రొట్టె, మేకపాలు పెట్టారు. కుక్కలకూ అదే రొట్టె. వాటి వంతు మొదట తీసి ప్రక్కన పెట్టి, తరువాత మాకు వడ్డించారు. కాపరి తొడుక్కున్న ఉన్ని అంగరఖా పేరు ‘చోలా’. నడుముకు ‘డోరా’ అనే నల్లని ఉన్నితాడు ఎన్నో చుట్లు చుట్టుకుంటారు. ఆయన చోలా మడతలోంచి అప్పుడే పుట్టిన మేకపిల్ల ఒకటి తల బయటపెట్టి మమ్మల్ని చూస్తోంది.

మేము కంబళ్ళలో దూరాక కుక్కలు తమంతట తామే లేచి స్థానాలు మార్చుకున్నాయి. ఒకటి పొలానికి ఎగువన గట్టుమీద, ఒకటి వాగు వైపు, నల్లకుక్క మంద నడుమ. ఎవరూ ఆజ్ఞాపించలేదు. నడిరాత్రి గట్టుమీది కుక్క ఒక్కసారి మొరిగింది. వాగు వైపు కుక్క అందుకుంది. నల్లకుక్క లేచి నిలబడింది కాని స్థానం విడిచిపెట్టలేదు. గొర్రెలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని ముద్దగా చేరాయి. కాపరి కంబళి లోపలి నుండే చెవి పెట్టి విని, ‘పోయింది, పడుకోండి’ అన్నాడు. ఉదయం వాగు ఒడ్డున తడి మట్టిలో చిరుత అడుగులు చూపించాడు. ఒక్క జీవమైనా తగ్గలేదు.

నేను చేసిన పొరపాటు

ఆ మందలోనే ఒక ఆడకుక్క ఈని నెలన్నర అయింది. పిల్లలు గొర్రెల కాళ్ళ సందున దొర్లుతున్నాయి. అందులో ఒక నల్లపిల్ల మీద నా మనసు పడింది. ఇంటి దగ్గర పిల్లలు కుక్కపిల్ల కోసం పోరు పెడుతున్నారు. ‘చాచాజీ, దీనిని నాకివ్వండి’ అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ‘దీనికి మంద కావాలి బాబూజీ’ అన్నాడు. ‘ఇల్లుంది, పిల్లలున్నారు, తిండికి కొదవ లేదు’ అన్నాను. నా మాట తీసివేయలేక ఒప్పుకున్నాడు. డబ్బు తీసుకోలేదు. జీపులో ఉన్న బెల్లం, టీపొడి ఇస్తే కళ్ళకద్దుకున్నాడు.

పిల్లలు దానికి కాలూ అని పేరు పెట్టారు. శీతకాలమంతా మా క్వార్టర్లకు అదొక పండుగ. ఆ ఏడు మా అమ్మ కూడా మా దగ్గరే ఉంది. జన్మలో ఏనాడూ కుక్కను గడప తొక్కనివ్వని మా అమ్మ, దానికి మాత్రం తన కంచంలోంచి మొదటి ముద్ద తీసిపెట్టేది. ‘ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఈ కొండల కుక్కే కదురా’ అనేది.

ఐదారు నెలలకే అది నడుమెత్తు పెరిగింది. అప్పటినుండి మాకు చిక్కులు మొదలయ్యాయి. కాలనీ పిల్లలు ఆడుకుంటుంటే చుట్టూ తిరిగేది. ఎవరైనా విడిగా పరుగెడితే అడ్డం వెళ్ళి నిలిచేది. చూడడానికి ముచ్చటగానే ఉండేది. కాని పాలవాడిని గేటు దాటనిచ్చేది కాదు, పోస్టుమాన్‌ను రానిచ్చేది కాదు. రాత్రివేళ లోయలో ఏ అలికిడి అయినా తెల్లవార్లూ మొరిగేది. గొలుసు వేశాను. గొలుసు వేస్తే తిండి మానేసింది. మంద చుట్టూ రోజుకు ఎన్నో మైళ్ళు నడవవలసిన జీవిని నాలుగు గజాల ఇనుముకు కట్టివేశాను.

ఏప్రిల్‌లో ఒక రాత్రి రెండవ షిఫ్టు ముగించుకుని మా సహోద్యోగి ఒకరు, దగ్గరదారి కదా అని మా పెరటిలోంచి నడిచారు. చలికి తలమీదుగా కంబళి కప్పుకుని ఉన్నారు. కాలూ గొలుసు తెంపుకుంది. కేకలు విని నేను లైటు వేసుకుని వచ్చేసరికి ఆయన నేలమీద ఉన్నారు. కాలూ ఆయన మీద నిలబడి ఉంది. ఒక్క పంటిగాటైనా లేదు. కాని పడడంలో ఆయన మణికట్టు విరిగింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఆయన మంచివారు కనుక నన్నొక్క మాట అనలేదు. కాలనీలో మిగిలినవారు అన్నారు. అనవలసినదే. తప్పు కుక్కది కాదు, నాది.

దానిని కాల్పించివేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ రాత్రి మా చిన్నమ్మాయి కాలూ మెడ కౌగిలించుకుని వరండాలోనే పడుకుంది. మందలు మళ్ళీ పైకి వచ్చేదాకా గడువు ఇమ్మని అందరినీ బ్రతిమాలుకున్నాను.

తిరిగి కొండలకు

మేలో మందలు వచ్చాయి. వాకబు చేసుకుంటూ పోతే బుధిల్ లోయలో ముసలి కాపరి కనిపించాడు. జరిగినదంతా దాచకుండా చెప్పాను. ఆయన నన్ను తప్పు పట్టలేదు. కాలూను మంద దగ్గరకు తీసుకువెళ్ళి వదిలాడు. అది గొర్రెలను చూసి బెదిరింది. తరువాత ఆటపట్టించబోయి ఒక పిల్లను తరిమింది. దాని తల్లి వచ్చి దానిని క్రింద పడవేసి గుర్రుమంది. తల్లి దానిని గుర్తుపట్టిందో లేదో నాకు తెలియలేదు.

‘దీనికి ఇప్పుడు మంద రాదు బాబూజీ’ అన్నాడాయన నెమ్మదిగా. ‘కళ్ళు తెరిచాక మొదటి నాలుగు నెలలు ఎవరి మధ్య ఉంటే వాళ్ళే దానికి మంద. మీ పిల్లలే దీని గొర్రెలు.’

ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇదే. పుట్టిన మూడవ వారం నుండి మూడు నాలుగు నెలల వరకు కుక్కపిల్ల ఎవరితో పెరిగితే వారితో విడదీయరాని బంధం ఏర్పడుతుంది. గొర్రెల మధ్య పెరిగితే గొర్రెలతో, మనుషుల మధ్య పెరిగితే మనుషులతో. ఆ కాలాన్ని నేను మా క్వార్టర్లలో ఖర్చు చేశాను. దానిని తిరిగి ఇవ్వడం ఎవరి తరమూ కాదు.

‘మందకు పనికిరాదు. ఇంటికి పనికివస్తుంది. ఊళ్ళో మా కోడలు, పిల్లలు ఉంటారు. అక్కడ ఉంచుతాను’ అన్నాడు. బయలుదేరుతుంటే కాలూ జీపు వెంట మలుపు దాకా పరుగెత్తి వచ్చింది. నేను వెనుదిరిగి చూడలేదు.

మళ్ళీ అక్టోబరులో ఆ ఊరు వెళ్ళాను. కొండ వాలున పలకరాళ్ళ కప్పు వేసిన కొయ్య ఇల్లు. ముంగిట మొక్కజొన్న కంకులు ఎండబోశారు. ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. గడపకు అడ్డంగా కాలూ పడుకుని ఉంది. నన్ను చూసి లేచింది. నాకూ పిల్లలకూ నడుమ వచ్చి నిలిచింది. వాసన చూసింది. తోక మెల్లగా ఊగింది. నా చేతిని నాకింది. కాని గడప మాత్రం వదలలేదు. లోపలి నుండి ఆ ఇంటి కోడలు వచ్చి ‘రానీ’ అన్న తరువాతనే ప్రక్కకు తొలగింది. నన్ను మరచిపోలేదు. తన పని కూడా మరచిపోలేదు. ఆనాడు నాకు కలిగిన ఊరట ఇంతా అంతా కాదు.

నేటి స్థితి

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2025లో గద్దీ శునకాన్ని దేశీయ శునక జాతిగా నమోదు చేసింది. అంతకుముందు ఆ గౌరవం తమిళనాడుకు చెందిన రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకకు చెందిన ముధోళ్ శునకాలకు దక్కింది. హిమాలయ ప్రాంతం నుండి ఈ గుర్తింపు పొందిన తొలి శునకం ఇదే. వార్త చదివి సంతోషించాను. వెంటనే ఒక దిగులు కూడా కలిగింది. గుర్తింపుతో పాటు గిరాకీ పెరుగుతుంది. బొద్దుగా, నల్లగా ఉన్న ఆ పిల్లలను చూసి నావలె ముచ్చటపడేవారు నగరాలలో వేలమంది ఉంటారు.

జాతి పేరు పుస్తకంలో నిలిచినంత మాత్రాన దాని గుణం నిలవదు. గుణం నిలిచేది మందలో. దిగువ కొండల మేత నేలలను లాంటానా పొదలు ఆక్రమిస్తున్నాయి. చదువుకున్న గద్దీ యువకులు ఉద్యోగాలకు పోతున్నారు. అది వారి హక్కు. కాపరికి గిట్టుబాటు ఉండి, మందలు కొండెక్కినంత కాలమే ఈ శునకానికి తన పని ఉంటుంది. పని ఉన్నంత కాలమే దాని స్వభావమూ ఉంటుంది. పనిలో బ్రతికే మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన ఉద్యోగుల కుటుంబాలు సెలవులలో డల్‌హౌసీ, చంబాలకు వెళ్తుంటాయి. వీలైతే భర్మౌర్ దాకా వెళ్ళండి. అక్టోబరులో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మందలు దిగివచ్చే కాలం కూడా అదే. దారిలో మంద ఎదురైతే వాహనం ఆపి, హారను మోగించకుండా, అది దాటిపోయేదాకా ఓపిక పట్టండి. పిల్లల చేయి పట్టుకోండి. నల్లని కుక్క ఒకటి వచ్చి మీ ముందు నిలబడితే భయపడకండి. కర్ర ఎత్తకండి. దాని పనిలో అది ఉంది. మీరు మంద చుట్టూ తిరిగి వెళ్ళండి.